పట్టా కింద మిరపకాయలు

వాగొడ్డున ఒక పల్లెలో సాయమ్మని ఒకావిడ ఉండేది, మనిషి మంచిదే గానీ మబ్బు కనబడితే చాలు, వణికిపోయేది. ఎందుకు వణకదు మరి? అంతకుముందు ఏడు ఒక్కగానొక్క కూతురు వానలో తడిసొచ్చి, జరం తగిలి, ఆవిడ చేతుల్లోనే పోయింది. ఇక ఆ పిల్ల కడుపున పుట్టిన ముత్యాలొక్కతే మిగిలింది. మనవరాల్ని కళ్ళలో పెట్టుకుని సాకేది.

ఆ ఏడు ఎప్పుడూ లేంది, ఉగాది వెళ్ళీ వెళ్ళకముందే వానలు పట్టుకున్నాయి. పొద్దున ఎండ, మధ్యాన్నం ఉక్క, సందెకాడ జల్లు. చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడలెక్కేవి. తూనీగలు నేలకానుకుని తిరిగేవి. తడిసిన వేపపూత వాసన వీధి వీధంతా. ఇక పిల్లలు ఇళ్ళల్లో నిలిస్తే ఒట్టు. వాగు ఇసక తడిసిందంటే పాదాల మీద కుప్పబోసుకుని పిచ్చుకగూళ్ళు కట్టేవాళ్ళు. మగపిల్లలు ఆ పక్కనే చెడుగుడు.

ముత్యాలు మాత్రం గుమ్మంలో కూచుని చూసేది. పోతానంటే సాయమ్మ, మబ్బుందనేది. మబ్బు లేకపోతే, వస్తదనేది. అడిగీ అడిగీ ఆ పిల్ల అడగటమే మానేసింది. తర్వాత తర్వాత కూడు కూడా కెలికి వదిలేసేది.

అప్పటికి సాయమ్మ మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. ఏడాది కష్టమంతా అదే. ఆవిడ చీమ కనబడ్డా, తూనీగ కనబడ్డా పరిగెత్తి పట్టా కప్పేసేది. పక్క కల్లం గురవయ్య ఆవిడకి వరసకి మరిది, ఎకసెక్కాల మనిషి.

"వదినా, కాయలు ఉడకేస్తున్నావేంది? కాస్త ఉప్పు కూడా చల్లకపోయావా," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. పచ్చి ఆరని కాయకి గాలాడకపోతే చెమటపట్టి పోతదని మామూలుగా కూడా చెప్పి చూశాడు.

"పోగొట్టుకున్నదాన్ని నేను. నీకేం తెలుసు," అంది సాయమ్మ. గురవయ్య తన కాయలు తిరగేసుకోను పోయాడు.

తర్వాత నాలుగైదు రోజులు ఆకాశం మూసుకునే ఉంది గానీ, చినుకు రాలలేదు. ఇప్పుడో ఇంకాసేపటికో అని సాయమ్మ పట్టా తియ్యనే లేదు. చివరికి ఏదో ముక్కిన వాసన వస్తే మనవరాల్ని తోడు పిలిచి అంచు ఎత్తింది. గుప్పున ఆవిరి కొట్టింది. కింద కాయ ఎరుపంతా దిగిపోయి, తెల్లమచ్చలేసి తాలైపోయింది. గురవయ్య వాన పడ్డప్పుడు కప్పి, వెలిసినప్పుడు తీశాడు. ఆయన కాయ ఎర్రగా, కాలు తగిలితే గలగలమంటోంది. ఇద్దరి నెత్తిన ఉన్నది ఒకే మబ్బు.

సాయమ్మ ఒక తాలుకాయ చేతికి తీసుకుంది. చూడవే ఎట్టా అయిందో అందామని తలెత్తింది. ఎదురుగా ముత్యాలు మొహం. అదే రంగు. ఆవిడ చేతిలో కాయ కింద పడేసింది.

"ముత్యాలూ, వాగుకి పో," అంది.

"మబ్బుందిగా, అమ్మమ్మా."

"ఉంటే ఉండనీ. తడిస్తే ఇంటికి రా. తువ్వాలు పట్టుకుని నేనుంటా."

పిల్ల నమ్మలేదు. రెండడుగులేసి వెనక్కి చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత చూడలేదు, పరుగే పరుగు. గురవయ్య పిలవకుండానే వచ్చాడు. ఇద్దరూ కాయలు ఏరారు. అడుగుది పోయింది గానీ, పైది చాలావరకు దక్కింది.

సందెకాడ జల్లు పడనే పడింది. ముత్యాలు నిలువునా తడిసి, మోకాళ్ళ దాకా ఇసకతో వచ్చింది. సాయమ్మ తువ్వాలుతో తల ఒకటికి రెండుసార్లు తుడిచింది. పిల్ల మాత్రం ఎవరి గూడు కూలిందో, ఎవరిది నిలిచిందో చెబుతూ చెబుతూ, మధ్యలో ఆపి, "అమ్మమ్మా, అన్నం పెట్టు," అంది. ఎన్నాళ్ళకి అడిగింది!

తెల్లారి సాయమ్మ ఆ పిల్ల నుదుటి మీద చెయ్యేసి చూసింది. చల్లగా ఉంది.

ప్రేమున్న చోట భయం ఉంటది, తప్పదు. కానీ కాయనైనా, కన్నబిడ్డనైనా కనిపెట్టుకుని ఉండాలే గానీ, కప్పెట్టి ఉంచకూడదు.