పైడమ్మ పంచిన కోడిపిల్లలు

అనగనగనగా, మన్యం అంచున ఒక ఊళ్ళో ఒక వీధి. ఆ వీధిలో మీ అమ్మమ్మంత తెలివైనవాళ్ళు ఇంకో ఇద్దరుండేవారురా చంటీ. వీధి మొత్తానికి కరెంటు పోవాలంటే ఆ ముగ్గురూ చాలు.

ఆ వీధి చివర పైడమ్మ ఉండేది. ఆవిడ కోడిపెట్టని ముంగిస ఎత్తుకుపోయింది. మిగిలినవి తొమ్మిది పిల్లలు, పుట్టి నాలుగు రోజులు. పుష్యమాసం చలి. తల్లి రెక్క లేకపోతే అవి బతకవు. అందుకని పైడమ్మ గంపలో గోనె పరిచి, పైన ఒక బల్బు వేలాడదీసింది. పిల్లలన్నీ ఆ వెచ్చదనం కింద ముద్దగా ఒదిగాయి.

అప్పుడు, పొద్దున్నే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టప్‌మంది. బల్బు ఆరిపోయింది. లైన్‌మన్ అప్పన్న వచ్చి ఫ్యూజు వేసి, "లోడెక్కువైపోనాది పిన్నీ. వాడకం తగ్గించకపోతే మళ్ళీ పోద్ది" అన్నాడు.

పైడమ్మకి ఒళ్ళు మండింది. చీర ఎగదోపి తిన్నగా మీ అమ్మమ్మ ఇంటికొచ్చింది. స్నానాలై గంటయినా గీజరు కాగుతూనే ఉంది. "ఓలమ్మా, మద్దేనం కూడా తానం సేస్తావేటి?" అంది. మీ అమ్మమ్మ సిగ్గులేకుండా నవ్వింది.

ఆ తర్వాత, మధ్యాహ్నం, మళ్ళీ టప్. ఈసారి రెండో తెలివైనావిడ, చిట్టెమ్మ నీళ్ళ మోటారు. ట్యాంకు నిండి నీళ్ళు వీధిలో ఏరై పారుతున్నాయి. చిట్టెమ్మేమో టీవీ ముందు. "వీధిలో నాట్లెయ్యమంటావేటే?" అని అరిచింది పైడమ్మ.

ఇంటికెళ్ళి చూస్తే గంపలో ఒక పిల్ల వణకడం కూడా మానేసింది. పైడమ్మ అరచేతుల్లో పెట్టుకుని ఊదింది. చాలాసేపటికి కిచ్‌మంది.

అప్పన్న మళ్ళీ వచ్చి ఫ్యూజు వేసి వెళ్ళాడు. ఆ తర్వాత దీపాలవేళ. మూడో తెలివైనాయన నాయుడు మాష్టారు లక్ష్మీదేవి దారి తప్పకూడదని అన్ని గదుల్లోనూ, పెరట్లోనూ, కట్టెల కొట్టులో కూడా లైట్లు వేశారు. ఒక్కటీ కట్టరు. దీపం ఆర్పితే దోషమట! చిట్టెమ్మ మోటారు మళ్ళీ వేసింది. మీ అమ్మమ్మ గీజరు మళ్ళీ మర్చిపోయింది. మూడూ కలిసేసరికి ఫ్యూజు ఢామ్మంది.

అప్పన్న పక్క ఊళ్ళో ఉన్నాడు. రావడానికి రెండు గంటలు.

ఇక పైడమ్మ తిట్టలేదు. ముగ్గురినీ తన అరుగు మీదికి పిలిచి కూర్చోబెట్టింది. ఒక్కొక్కరి ఒళ్ళో మూడేసి పిల్లల్ని పెట్టి, వాళ్ళని కొంగుల్లో, మాష్టార్ని బనీన్లో పొదువుకోమంది. "ఇప్పుడు మీరే బల్బులు. ఒక్క పిల్ల సచ్చిందా, సూడండి!"

"బనీన్లోనా? రెట్టేస్తాయి కదే!" అన్నారు మాష్టారు.

"ఏస్తే ఏస్తాయి. లచ్చిందేవి వచ్చిందనుకో."

కదిలితే పిల్లలు జారిపోతాయి. ఎవరూ లేవలేదు. అప్పుడు పైడమ్మ టార్చి పట్టుకుని మూడిళ్ళూ తిరిగి, స్విచ్చులన్నీ టకటకా కట్టేసింది.

అప్పన్న వచ్చి ఫ్యూజు వేశాడు. గంప మీద బల్బు వెలిగింది. ఆ తర్వాత మళ్ళీ ఆరలేదు.

తొమ్మిదీ బతికాయి. పైడమ్మ కోపం మాత్రం చల్లారలేదు. ఇప్పటికీ మీ అమ్మమ్మ ఎదురైతే "బాగున్నావా" అనదు. "అన్నీ కట్టేసే వచ్చావా?" అంటుంది.

కథేమో కంచి బస్సెక్కింది,
కునుకేమో కంటిరెప్పెక్కింది,
మనకేమో మంచముంది, దుప్పటుంది,
ఇంకా మాట్లాడితే వీపు మోగుతుంది!