తొమ్మిదో నంబరు

తమ ఇంట్లో ఉన్నంత బుర్ర జిల్లాలో ఎక్కడా లేదని గవరయ్యకీ, తమ్ముడు సన్నిబాబుకీ గొప్ప నమ్మకం. అందుకే చెల్లెలు పైడితల్లి పెళ్ళి పనులన్నీ కంప్యూటరు షాపులో జాబితా కొట్టించారు.

షాపు కామేశ్వరి కాగితం ఇస్తూ చెప్పింది. "పెద్ద పనులకి నంబర్లు వేశాను. వంట కింద వంటకాలు బెత్తెడు లోపలికి జరిపి, ఒక్కోదాని ముందూ నల్లచుక్క పెట్టాను. వరస తప్పకండి."

"మాకా చెప్తావు!" అన్నాడు గవరయ్య.

పెళ్ళిరోజు గవరయ్య కాటుక డబ్బా పట్టుకుని ప్రతి గిన్నెకీ చుక్క పెట్టాడు. తర్వాత అన్నదమ్ములిద్దరూ చెరోపక్కా పట్టి, ఉడుకుతున్న పప్పుగుండిగని బెత్తెడు లోపలికి తోశారు. ఇంకేముంది, పప్పంతా పొయ్యిలో! వంటాయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అంతలో గుమ్మంలో బాజాలు. పెళ్ళికొడుకు చిన్నంనాయుడు వచ్చేశాడు. ముహూర్తం ఇంకో ముప్పావుగంట. అది దాటితే ఆరునెలలు ముహూర్తాల్లేవు. మూడేళ్ళుగా చెరుకుతోట గట్టు మీంచి చూసుకున్న మనసులవి!

"అన్నియ్యా, ఆయన్ని రానీరా!" కిటికీలోంచి పైడితల్లి ఏడుపు.

"జాబితాలో వంట మూడు, పెళ్ళికొడుకుని లోపలికి పిలవడం నాలుగు. నాలుగు ముందొస్తే మూడు ఏటనుకుంటాది?" అన్నాడు గవరయ్య.

"బావా, వంటోడిగా వస్తే రానిస్తావా?" అడిగాడు చిన్నంనాయుడు.

"వంటోడైతే రా. మూడో నంబరే కదా!"

అంతే, బాసికంతోనే పొయ్యి ఊదాడు. పొగలో అతని ఎర్రటి కళ్ళు చూసి, నాకోసమే అనుకుని పైడితల్లి కరిగిపోయింది. అతను పప్పు దించి పీటల మీదికి పరిగెత్తబోతే గవరయ్య అడ్డం నిలబడ్డాడు.

"లోపలున్నోణ్ణి లోపలికెలా పిలుస్తాం? బయటికెళ్ళు!"

వెళ్ళాడు. పిలిచారు. వచ్చాడు. తక్కిన నంబర్లు పరుగున కానిచ్చి, ఆఖరి నిమిషంలో ఎనిమిదో నంబరు తాళి కట్టాడు. చేతినిండా ఇంగువ వాసన.

పదో నంబరు పెళ్ళికూతుర్ని సాగనంపడం. కానీ మధ్యలో, కామేశ్వరి వేలు మీట మీద ఇంకోసారి పడిందేమో, తొమ్మిది అని అంకె ఒక్కటే ఉంది. పక్కనంతా తెల్లకాగితం.

"తొమ్మిదిలో ఏమీ లేదు. పదికి వెళ్ళిపోదాం బావా," అన్నాడు పెళ్ళికొడుకు.

"ఏమీ లేదంటే ఏమీ చెయ్యకూడదని! అది చేశాకే పది. కూకోండందరూ!"

అందరూ కూర్చున్నారు. బయట పెళ్ళికొడుకు ఊరికి వెళ్ళే బస్సు హారన్ కొడుతూనే ఉంది.

కాసేపటికి సన్నిబాబు, "అన్నియ్యా, ఏమీ చెయ్యకపోవడం అయిపోయిందా?"

"లేచి చూస్తేగానీ తెలీదు. లేస్తే ఏదో చేసినట్టే. నోర్ముయ్!"

బస్సు వెళ్ళిపోయింది. అయితేనేం, పైడితల్లి మెల్లగా చిన్నంనాయుడి చిటికెనవేలు పట్టుకుంది. ఆకాశమంతా ఆ వేలి మీదే వాలినట్టుంది ఆమెకి.

సన్నిబాబు గావుకేక పెట్టాడు. "అన్నియ్యా! ఈళ్ళేదో చేసేస్తన్నారు!"

గవరయ్య తల పట్టుకున్నాడు. "చెడగొట్టేశారు కదే! తొమ్మిది మళ్ళీ మొదట్నించీ కానియ్యండి!"