వైద్యుడు రుచి చూసిన దాహం

విందులో మిగిలిన రొయ్యల కూరను మర్నాడు పొద్దున్నే మళ్ళీ లాగించాడు వీరకేసరి మహారాజు. ఎండ ఎక్కేసరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పడుకున్నచోటే కొలువు తీర్చాడు.

"మా కడుపు మా మీదే తిరగబడింది! దీనికేం శిక్ష వేద్దాం?"

ఆస్థాన వైద్యుడు శేషాచార్యులు మీసం దువ్వాడు. "తాగిన నీళ్ళే బయటికి పోతున్నాయి ప్రభూ. రేపటిదాకా చుక్క ముట్టకండి. ఊళ్ళో రోగులకూ ఇదే మందు. బావుల దగ్గర కాపలా పెట్టించండి."

విదూషకుడు బుచ్చన్న రాజు పడక పక్కకు వచ్చాడు. సాలెవీధిలో సగం ఇళ్ళు ఇదే జబ్బుతో పడి ఉన్నాయి. గుంటలు పడ్డ కళ్ళు, పిడచకట్టిన నాలుకలు పొద్దున తనే చూసి వచ్చాడు. కాపలా పడితే రేపటికి ఎందరు మిగులుతారు?

"కడుపు తరఫున ఒక్క మాట ప్రభూ. అది తిరగబడలేదు. లోపలికి చొరబడ్డ కుళ్ళును రెండు ద్వారాలూ తెరిచి తరుముతోంది. ఆ తోపులాటలో ఒంట్లో నీళ్ళూ ఉప్పూ కొట్టుకుపోతున్నాయి. మీ పిక్కలు పట్టేస్తున్నది అందుకే." రాజు చేతి మీది చర్మాన్ని మెల్లగా గిల్లి వదిలాడు. ఒంట్లో నీళ్ళు తగ్గి, ముడత అలాగే నిలబడిపోయింది.

"పేగుల్లో దూరి చూసొచ్చావటోయ్? మందు చెప్పాల్సింది నేను!" అన్నాడు వైద్యుడు.

"మీ మందే కానిద్దాం స్వామీ. కానీ ప్రభువు పుచ్చుకునే ఏ మందైనా ముందు వైద్యుడు పుచ్చుకోవాలని మన కోట ఆచారం కదా?"

"అవును. ఎన్ని కషాయాలు మింగలేదు నేను!"

"అయితే ఈ దాహాన్నీ రుచి చూడండి. రేపటిదాకా."

రాజుకు నీరసంలోనూ నవ్వొచ్చింది. "ఆచారం ఆచారమే, ఆచార్యులవారూ. మరి అంతదాకా మేం?"

"మందు ఇంకా మీదాకా, ఊరిదాకా రాలేదుగా ప్రభూ! అంతదాకా తాగొచ్చు" అన్నాడు బుచ్చన్న.

వెంటనే ఉప్పు కలిపిన పల్చటి గంజి తెప్పించాడు. మొదటి గుక్క రాజు కక్కేశాడు. బుచ్చన్న కాసేపాగి మళ్ళీ కొంచెం కొంచెంగా పట్టాడు.

నడివేసవి. పొద్దున ఆవకాయన్నం దట్టించిన శేషాచార్యులు పెదాలు తడుపుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రానికి రాజు దిండుకు ఆనుకుని లేచాడు. వైద్యుడు స్తంభానికి వాలిపోయి, గంజి గిన్నెవైపు చేయి చాచాడు.

బుచ్చన్న గిన్నె వెనక్కి లాగాడు.

"అయ్యో స్వామీ! జబ్బు లేని మిమ్మల్నే ఈ మందు ఇంత చేస్తే, జబ్బు కూడా ఉన్నవాళ్ళ గతేంటి?"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ, గిన్నె తనే వైద్యుడికి అందించి, మెడలో హారం తీశాడు.

"హారం వద్దు ప్రభూ. బావులు అందరివీ అని దండోరా వేయించండి. సాలెవీధికి గంజి కాగులు పంపించండి."

"పంపిస్తాం. మోయించేది మాత్రం ఆచార్యులవారి చేతే!" అంటూ రాజు హారాన్ని బుచ్చన్న మెడలో వేశాడు.