ఆఖరి పేజీలో వచ్చిన పిడుగన్న

కొల్లిమర్రులో గవర్రాజు అనే నవలా రచయిత ఉండేవాడు. చప్పట్లు వినపడితే చాలు, తాను ఏ దారిన పోతున్నాడో మరచిపోయేవాడు.

పిల్లల కోసం ఆయన పిడుగన్న అనే వీరుణ్ణి సృష్టించాడు. పిడుగన్న గాలిలో ఎగిరేవాడు. మునిగే పడవలను ఒంటిచేత్తో ఎత్తేవాడు. కొత్త నవల రాగానే ఆదివారం లైబ్రరీలో పిల్లలు తలా ఒక పాత్ర పంచుకుని పైకి చదివేవారు. ఊరంతా వచ్చి వినేది. పిడుగన్న మాటలు ఎప్పుడూ నీలవేణివే. ఆ పిల్లకు నత్తి. బడిలో తన పేరు చెప్పడానికే అవస్థ పడేది. పిడుగన్న మాటలు మాత్రం ఎక్కడా తడబడకుండా చదివేది.

"అదెలాగమ్మా?" అని గవర్రాజు ఒకసారి అడిగాడు.

"పి... పిడుగన్నకు నత్తి లేదు కదండీ" అంది.

ఒక నవలలో దుర్మార్గుల మాటలకు జనం విరగబడి నవ్వారు. పోస్టుమాస్టరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన సంతాపసభల్లో కూడా కొట్టేవాడు. గవర్రాజుకు ఆ సంగతి గుర్తు రాలేదు. తరవాతి నవలలో పిడుగన్నను మొదట్లోనే పాడుబావిలో పడేసి, పుస్తకమంతా ముగ్గురు దుర్మార్గులకు అప్పగించాడు.

ఆదివారం వచ్చింది. నీలవేణి పుస్తకం తెరిచి, వరుస మీద వేలు పెట్టుకుని కూర్చుంది. దుర్మార్గులు తిన్నారు, తిట్టుకున్నారు, కుట్ర పన్నారు, పన్నిన కుట్రను ఒకరికొకరు మళ్ళీ వివరించుకున్నారు. పోస్టుమాస్టరు కునుకు తీశాడు. కునుకులోనే చప్పట్లు కొట్టాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

"పి... పిడుగన్న ఎప్పుడొస్తాడు మాష్టారూ?"

"వస్తాడమ్మా, ఆఖర్న" అన్నాడు గవర్రాజు.

ఆఖరి పేజీలో పిడుగన్నకు దక్కింది ఒక్క మాట: "భయపడకండి, నేను వచ్చాను." నీలవేణి లేచి నిలబడింది. ఎదురుగా ఖాళీ బెంచీలు.

"భ... భ..." అంది. మాట పెగల్లేదు. పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. గవర్రాజు వాళ్ళింటికి వెళ్ళాడు.

"కొత్త కథ రాస్తానమ్మా. మొదటి పేజీ నుంచీ పిడుగన్నే ఉంటాడు. నువ్వే చదవాలి" అన్నాడు.

నీలవేణి తల అడ్డంగా ఊపింది.

"బా... బావిలో ఉండి ఉండి, ఆయనకూ న... నత్తి వచ్చేసిందండీ" అంది.

గవర్రాజు తల దించుకుని తిరిగి వచ్చాడు. మాట ప్రకారం కొత్త నవల రాశాడు. అది బాగుందని ఊరంతా అంది. పిడుగన్న మాటలు చదవడానికి నీలవేణి మాత్రం మళ్ళీ రాలేదు.

మనల్ని నమ్ముకున్నవారిని చప్పట్ల కోసం పక్కకు నెట్టకూడదు. చప్పట్లు మళ్ళీ దొరుకుతాయి కానీ, విరిగిన నమ్మకం దొరకదు.