కడుపులోని అలుకు

గన్నేర్లు విరగబూసిన అంకయ్య పశువుల దొడ్డిలో వెండిగాడనే కోడె ఉండేవాడు. పాలనురుగు ఒళ్ళు, నెలవంక కొమ్ములు. కంచెకవతల పారిజాతం అనే ఆవు ఉండేది. ఆమె గాలి ఇటు వీస్తే చాలు, వెండిగాడికి ఎండ కూడా వెన్నెలే. ఆమె మాత్రం ఎప్పుడు చూసినా కళ్ళు మూసుకునే ఉండేది.

"నా ఒంటి మెరుపు చాలడం లేదు గాబోలు," అని బెంగపడ్డాడు వెండిగాడు.

ఆ బెంగకు తోడు తిరునాళ్ళ బండలాగుడు దగ్గరపడుతోంది. "ఈసారి బండ లాగకపోతే వీణ్ణి సంతకు తోలేస్తా. కూర్చోబెట్టి మేపడానికి వీడేమన్నా కొత్తల్లుడా?" అని అంకయ్య తేల్చేశాడు. సంతకు పోయిన ఎద్దు తిరిగి రావడం ఆ దొడ్డిలో ఎవరూ చూడలేదు.

ఇంటిల్లిపాదీ నాట్లకు పోయిన ఓ మధ్యాహ్నం, కంచె సందులోంచి నక్క తల దూర్చింది.

"ఏం అల్లుడూ, మొహం వాడిపోయింది?"

"మెరుపు కావాలి మామా. బలం కావాలి."

"గడ్డి తిన్నవాడు గడ్డిలాగే ఉంటాడు మరి! ఆ దాణా గదిలో జొన్నపిండి ఉంది, ముత్యాల్లాంటి నూకలున్నాయి. ముత్యాలు తింటే ముత్యంలా మెరవవూ? నీ కొమ్ముతో గడియ ఎత్తు, చాలు. మోతాదు నేను దగ్గరుండి చూస్తా. వైద్యం మాకు తాతలనాటి విద్య."

వెండిగాడు గడియ ఎత్తాడు. వాడు పిండిలో మూతి పెట్టాడు. వైద్యుడు మూలనున్న కోడిగంపలో మూతి పెట్టి, గుడ్ల మోతాదు దగ్గరుండి చూసుకున్నాడు.

ఇక రోజూ అదే వైద్యం. వెండిగాడు ఎండుగడ్డి మొహం చూడటం మానేశాడు. నెమరూ మానేశాడు. పిండిలో నమలడానికేముంది గనక?

మొదట కడుపు పుల్లగా ఉడికింది. తర్వాత వెంట్రుక గరుకెక్కింది, కళ్ళలో పుసులు కట్టాయి. చివరికి గిట్టలు నిప్పుల్లో పెట్టినట్టు మండి, అడుగు తీసి అడుగు వేయలేకపోయాడు.

"గిట్టలకా? ఆముదం," అంది నక్క. "వెంట్రుకకా? పసుపు. కళ్ళకా? నందివర్ధనం పూలు. వీటన్నిటికీ పైన ఇంకాస్త పిండి!"

"ఆముదం, పసుపూ ఎక్కడ దొరుకుతాయి మామా?"

"దాణా గదిలోనే! గడియ ఎత్తు."

మూలన పడుకున్న ముసలి గేదె కాటుకమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. నక్క మూతి తుడుచుకుని వెళ్ళాక నోరు విప్పింది.

"ఒరే వెండీ, నీ దవడ ఆడక ఎన్నాళ్ళయిందిరా?"

"దవడకేం అత్తా, భేషుగ్గా ఉంది. నొప్పి గిట్టల్లో."

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, అట్లా ఉంది నీ వైద్యం. అదిగో, ఆ వెదురు గాదెకు లోపల పేడా మట్టీ కలిపి ఎందుకు అలుకుతారు?"

"గింజ కారిపోకుండా."

"నీ కడుపుకీ లోపల అట్లాంటి అలుకే ఉందిరా. గడ్డి నెమరేస్తే నోట్లో ఉమ్మి ఊరి, లోపలికి దిగి పులుపును చంపుతుంది. నువ్వేమో పిండి గుటుక్కుమనిపించావు. ఉమ్మి ఊరలేదు. పులుపు పెరిగి అలుకును తినేసింది. లోపల ఉండాల్సిన చెడు నెత్తుట్లోకి కారి, పోయి గిట్టల్లో తేలింది. ఇల్లు కురిస్తే కప్పు నేస్తావా, నేల తుడుస్తూ కూర్చుంటావా?"

వెండిగాడు తన గిట్టలకేసి చూసుకున్నాడు. "ఇప్పుడేం చెయ్యను?"

"ఎండుగడ్డి తిను. నెమరెయ్యి. పచ్చి అలుకు ఒక్కపూటలో ఆరదు, ఓపిక పట్టు."

"తిరునాళ్ళకు నయమవుతుందా?"

"కాదు."

"మరి సంత...?"

"గిట్ట నిన్ను కాపాడలేదు. దొంగకు గడియ ఎత్తిన కొమ్ముందిగా, దాన్ని అడుగు," అని కాటుకమ్మ అటు తిరిగి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నక్క హుషారుగా వచ్చింది. "అల్లుడూ, మందు వేళయింది!"

వెండిగాడు కుంటుకుంటూ వెళ్ళి గడియ ఎత్తాడు. నక్క లోపలికి దూరింది. వాడు తలుపు నెట్టి, కొమ్ముతో గడియ దించాడు. టక్!

"అల్లుడూ! తలుపు పడిందిరా!"

వెండిగాడు ఆ తలుపుకే ఆనుకుని పడుకుని నెమరు మొదలుపెట్టాడు.

"ఒరేయ్, నాకు నీరసంగా ఉందిరా!"

"కాస్త జొన్నపిండి తిను మామా. మెరుస్తావు."

"కాళ్ళు వణుకుతున్నాయిరా!"

"కాళ్ళకా? ఆముదం. మూలనే ఉంది."

సందెవేళ ఇంటికొచ్చిన అంకయ్య, గదిలో అలికిడి విని కర్ర పుచ్చుకుని తలుపు తీశాడు. తప్పించుకోబోయి నక్క ఆముదం కుండ మీద పడింది, పసుపులో పొర్లింది, నడ్డిమీద కర్ర దెబ్బ తిని కుంటుతూ కంచె దాటింది. తను చెప్పిన మందులు తనకే పూర్తిగా పట్టాయి.

"గుడ్లు తినేది పిల్లి అనుకున్నా! కుంటికాలితోనే దొంగను పట్టాడే నా వెండిగాడు," అని అంకయ్య పొంగిపోయాడు. "వీణ్ణి సంతకా? బండ వచ్చే ఏడు లాగుతాడు లే."

ఇన్నాళ్ళూ గడియ ఎత్తిందెవరో ఆయన అడగలేదు. వెండిగాడూ చెప్పలేదు. నోటినిండా నెమరుంది మరి.

అప్పుడు కంచెకవతల పారిజాతం హాయిగా నిట్టూర్చింది. "హమ్మయ్య, మళ్ళీ మొదలెట్టావా! నీ నెమరు చప్పుడు వింటే గానీ నాకు కునుకు పట్టదు."

"మరి నా మెరుపు?" అన్నాడు వెండిగాడు ఆశగా.

"మెరుపా? ఇంతకీ నువ్వు తెలుపా, ఎరుపా?" అని ఆమె కళ్ళు మూసుకుంది.

నీతి: గోడకు సున్నం కొట్టేముందు గాదెలో అలుకు చూసుకో.