కరువు సొమ్ముతో ఆర్చి

గురువు మాట కాదనడం ఓబుళమ్మకు చేతకాదు. కౌన్సిలు మాట కాదనడం ఈ మధ్యనే నేర్చుకుంటోంది. ఆ రెండూ ఒక్కసారే వచ్చి నెత్తిన పడేసరికి పాపం ఆమెకు అన్నం సహించడం లేదు.

ఓబుళమ్మ గువ్వలచెర్ల మునిసిపాలిటీకి చైర్‌పర్సన్. మొన్నటి కరువులో ట్యాంకరు దగ్గర తోపులాట జరిగి ఆమె తోడికోడలికి కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది. అప్పుడు ఓబుళమ్మకు కడుపు మండింది. నీటి పన్ను పెంచి, పెంచిన సొమ్మును కరువు పద్దు కింద విడిగా పెట్టించింది. ఏటి ఇసుకలో ఊటబావులు తవ్వి, అక్కణ్ణించి ఊరి కొసన ఉన్న వీధులదాకా పైపు వేయించాలని ఆమె పట్టుదల. జనం తిట్టుకుంటూనే కట్టారు.

ఈ ఏడు వానలు దంచికొట్టాయి. చెరువు అలుగు పారింది. అలుగు చూడ్డానికి ఊరు ఊరంతా చిత్రాన్నాలు కట్టుకుని వెళ్లింది, కరువు సంగతి అక్కడే వదిలేసి తిరిగొచ్చింది. కౌన్సిలర్లకేమో పద్దులో సొమ్ము ఊరికే మూలుగుతున్నట్టు కనిపించింది. దాంతో ఊరి మొగదల పెద్ద ఆర్చి కడదామన్నారు.

ఓబుళమ్మ ససేమిరా అంది. అప్పుడు వైస్ చైర్మన్ సోమశేఖర రెడ్డి ఒక ఎత్తు వేశాడు. ఆర్చికి అచలమఠం పెద్దగురువు పేరు పెడతామన్నాడు. ఎప్పుడో కాలం చేసిన ఆ పెద్దాయన స్థాపించిన మఠానికే ఓబుళమ్మ చిన్నప్పటినుంచీ శిష్యురాలు. కాదంటే గురుద్రోహి అవుతుంది, ఔనంటే ఊరికి ద్రోహం చేసినట్టవుతుంది. మీటింగు ఎల్లుండే. అడ్డుపడితే అవిశ్వాసం పెట్టి కుర్చీ లాగేస్తామని కబురు కూడా పంపారు.

తెల్లారగానే ఓబుళమ్మ మఠానికి వెళ్లింది. సోమశేఖర రెడ్డి అప్పటికే పండ్లబుట్టతో, ఆర్చి బొమ్మతో అక్కడ ఉన్నాడు.

ఇప్పటి గురువు ఈరన్న సామి పెరట్లో తాగునీళ్ల తొట్టి కడుగుతున్నాడు. దాని చెక్కమూత వానలకు పుచ్చి విరిగింది, లోపల పావురం పడి చచ్చింది. సామి పంచె ఎగ్గట్టి కొబ్బరిపీచుతో గోడలు రుద్దుతున్నాడు.

"పెద్దగురువు పేరు ఊరి మొగదల్లో, బంగారు అచ్చరాల్లో రాయిస్తాం సామీ," అన్నాడు రెడ్డి, బొమ్మ కాగితాన్ని అరుగు మీద పరుస్తూ. "బస్సుల్లో పోయేటోళ్లు సుదా చేతులెత్తి మొక్కాల. అక్క ఒక్కతే ఒప్పుకోలా. మీరు ఒక్క మాట చెప్తే సాలు."

సామి రుద్దడం ఆపలేదు. "ఏం ఓబుళమ్మా, ఎందుకు ఒప్పుకోవు?"

ఓబుళమ్మ చేతులు జోడించింది. "అది కరువుకని దాచిన సొమ్ము సామీ. ఇచ్చేస్తే మళ్లా ట్యాంకర్ల కాడ ఆడోళ్లు కొట్టుకోవాల. ఇవ్వనంటే పెద్దగురువు పేరు కాదన్న పాపం నాకు తగుల్తాది. నాకేం తోచడంల్యా. మీరెట్ల చెప్తే అట్ల."

"ఎప్పుడో వచ్చే కరువుకు ఇప్పుడే ఏడుపేంది అక్కా," అని రెడ్డి నవ్వాడు. "చెరువు నిండుగా ఉండాది కదా."

సామి శిష్యుల చేత తొట్టినిండా కొత్త నీళ్లు పోయించాడు. మూతకోసం అటూ ఇటూ చూశాడు. తర్వాత ముందు వాకిట్లోకి నడిచి, నిచ్చెన వేసుకుని, గుమ్మం మీదున్న పలక ఊడదీశాడు. పెద్దగురువు పేరు చెక్కిన టేకు పలక అది. దానికి మొక్కకుండా ఎవరూ లోపలికి అడుగు పెట్టరు.

పలకను భుజాన మోసుకొచ్చి, పేరు పైకి కనబడేలా తొట్టి మీద పరిచాడు. ఒక మూల కాస్త చాలలేదు. అక్కడ తడిగుడ్డ కుక్కాడు.

శిష్యుల ముఖాలు మాడిపోయాయి. రెడ్డి పండ్లబుట్ట కింద పెట్టేశాడు.

"పెద్దగురువు పేరును తొట్టికి మూత చేసినారా సామీ? రేపు దాని మీద చెంబులు పెడతారు."

"పెట్టనీ," అన్నాడు సామి. "ఇన్నాళ్లూ గుమ్మమెక్కి ఊరికే కూచున్యాడు పెద్దాయన. ఇప్పుడు పనిలో పడినాడు."

ఓబుళమ్మ ఆ పలకనే చూస్తూ నిలబడింది. ఇన్ని రోజులూ గుండెల మీద మోస్తున్న బరువు దిగిపోయింది, దాని చోట పాత కోపం వచ్చి కూర్చుంది. ఆ కోపం ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది. ఆర్చి బొమ్మను చుట్టచుట్టి రెడ్డి చేతిలో పెట్టింది.

"రేపు మీటింగులో మొదటి మాట ఊటబావులదే సోమశేఖరా. నేను కుర్చీలో ఉన్నన్నాళ్లూ ఆర్చికి పైసా రాదు."

"అట్లయితే కుర్చీలో ఉండవు అక్కా. చేతులెత్తేటోళ్లు మా కాడ సాలినంత మంది ఉండారు."

"ఎత్తమను. ఎవరెవరు ఎత్తినారో వీధి వీధికీ పోయి, కుళాయిల కాడ నిలబడి నేనే చెప్తా."

రెడ్డి పండ్లబుట్ట అక్కడే వదిలేసి విసవిసా వెళ్లిపోయాడు.

అతను గేటు దాటాక ఓబుళమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది.

"అన్నంత పనీ చేస్తారు సామీ. రేపు నేనొక్కదాన్నే, వాళ్లంతా ఒకపక్క."

సామి పలకను ఒక చేత్తో ఎత్తిపట్టి, చెంబు ముంచి ఆమెకు అందించాడు.

"తాగు. రేపు శానాసేపు అరవాల్సి ఉంటాది."