రాజుగారి గోడకు ఆనుకున్న దొంగలు

ఒకానొక కొండరాజ్యంలో చలికాలం వచ్చిందంటే కుండల్లో నీళ్ళు పైన పొర కట్టేవి. దాన్ని ఏలే ఉద్దండదేవుడు మనసున్న రాజే, కాకపోతే కాస్త గొప్పలకు పోయే మనిషి. ఆ ఏడు ఆయన నిండుసభలో ప్రకటించాడు:

"మా సభామందిరంలోకి చలికి ప్రవేశం లేదు. మేము పలుచని ఉత్తరీయంతోనే కొలువు తీరుతాం."

కుంపట్లు పెరిగాయి. మంత్రులు చెమటలు తుడుచుకుంటూనే "ఆహా, ఎంత హాయి!" అన్నారు.

ఆ కుంపట్లు చూసుకునేది అసిరమ్మ. రాజు ఉయ్యాలలో ఉన్ననాటి నుంచీ ఆమె ఆ కోటలోనే పని చేస్తోంది. పసివాడిగా ఆయన చలికి ఏడిస్తే, అరచేతులు కాచుకుని ఆ చిన్ని పాదాలకు అద్దింది ఆమే.

పదిహేను రోజులకే బొగ్గుల కొట్టు సగం ఖాళీ అయింది. రాజు అసిరమ్మను పిలిపించాడు.

"పోయిన ఏడు రోజుకు మూడు తట్టలు సరిపోయేవి. ఇప్పుడు ఆరెందుకు? మందిరం ఒకసారి వేడెక్కితే చాలదా? పొగ పోయే సందులు ఎప్పుడూ ఉన్నవే. తలుపులు మూసే ఉన్నాయి. గోడలు రెండు మూరల మందం. వేడి ఎక్కడికి పోతుంది? పోతున్నది బొగ్గులే!"

"నేనేటి దాచుకుంటాను బాబూ? వేసిన బొగ్గులు వేసినట్టే అయిపోతున్నాయి. ఒక్క తట్ట తగ్గించినా మందిరం చల్లబడిపోతోంది."

"రేపు సాయంత్రంలోగా దొంగ దొరకాలి. లేకపోతే నువ్వు కోట విడిచి వెళ్ళాలి," అన్నాడు రాజు. అంటున్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాడు.

అసిరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు కొలువులో కూర్మన్న లేచాడు. చమత్కారానికి ఆ రాజ్యంలో అతని తరువాతే ఎవరైనా.

"దొంగలు నాకు తెలుసు ప్రభూ. ఒకరు కాదు, పాతికమంది దాకా ఉన్నారు. రేపు పొద్దున్నే నాతో వస్తే చూపిస్తాను. భటులు వద్దు. ఈ ఉత్తరీయమూ వద్దు. గొంగడి కప్పుకుని రండి."

"మేమా? గొంగడా?"

"దొంగలు మిమ్మల్ని గుర్తుపడితే దండం పెడతారు గానీ నిజం చెప్పరు కదా!"

మర్నాడు పొద్దున్నే కూర్మన్న రాజును సభామందిరం వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. చుట్టూ గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. గోడ పక్కన మాత్రం జానెడు మేర పచ్చగా ఉంది. ఊళ్ళో ముసలివాళ్ళంతా గోడకు వీపులు ఆనించి వరసగా కూర్చున్నారు. ఒకావిడ పక్కన వడియాలు ఆరుతున్నాయి. ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

"నిలబడ్డావేం నాయనా? వణికిపోతున్నావు, రా!" అంది వడియాల ముసలమ్మ రాజుకు చోటిస్తూ. "గోడకు ఆనుకో. పోయిన ఏడు వీపు గట్టిగా అదిమితే గానీ వెచ్చదనం తెలిసేది కాదు. ఈ ఏడు రాజుగారు కుంపట్లు పెంచారట. ఇదిగో, బెత్తెడు దూరానికే సెగ తగులుతోంది. మహారాజు, చల్లగా ఉండాలి!"

రాజు గోడకు ఆనుకున్నాడు. వీపు వెచ్చబడింది. ముఖం వాడిపోయింది.

"కూర్మన్నా," అన్నాడు మెల్లగా, "ఇది మా బొగ్గేనా?"

"తమదే ప్రభూ. తట్ట అక్కర్లేకుండా మోసుకుపోతున్నారు. గోడ ఎంత మందమైనా వేడిని ఆలస్యం చేస్తుందే గానీ పూర్తిగా ఆపలేదు. లోపలికీ బయటికీ తేడా పెరిగిన కొద్దీ వేడికి బయటపడాలనే తొందర పెరుగుతుంది. తమరు తేడాను రెట్టింపు చేశారు. అసిరమ్మ తట్టలూ రెట్టింపయ్యాయి. చలికి ప్రవేశం లేదన్నారు సరే, వెచ్చదనానికి సెలవివ్వలేదని చెప్పడం మరిచారు!"

రాజు ఒక్క క్షణం మీసం మెలివేశాడు. తరువాత గొంగడి జారిపోయేంతగా నవ్వాడు. కోడి ఉలిక్కిపడింది.

ఆ రోజే కుంపట్లు పాత లెక్కకు వచ్చాయి. కొలువంతా గొంగళ్ళు కప్పుకుంది. మంత్రులు ఈసారి నిజంగానే "హాయి" అన్నారు. రాజు తన చేతి కంకణం తీసి కూర్మన్నకు తొడిగాడు. ఇంకేం కావాలో అడగమంటే, గోడ దగ్గరి ముసలివాళ్ళకు ఒక చావడీ అందులో ఒక కుంపటీ అడిగాడతను.

సాయంత్రం అసిరమ్మ మూట కట్టుకుని గుమ్మంలో నిలబడింది. నింద తొలగిందని ఇంకా ఎవరూ ఆమెకు చెప్పలేదు. రాజే ఎదురువెళ్ళి ఆ మూట తన చేతిలోకి తీసుకున్నాడు. అక్కడే పీట మీద కూలబడి చిన్నప్పటిలా కాళ్ళు చాపాడు.

"పాదాలు చల్లబడ్డాయి అసిరమ్మా."

ఆమె ఆయన వైపు చూసింది, పాదాల వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"మేజోళ్ళు తొడుక్కో బాబూ," అంది. "కుంపటి మాత్రం అడక్కు."